నీడ ఎవరిది? – 4వ భాగం: థర్మామీటరుకున్నపాటి ఇల్లు



పోయిన భాగంలో ఎండలో పని గురించి రాశాను. ఈ భాగం ఆ ఎండలోంచి ఇంటికొచ్చాక సంగతి. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ కొంచెం ఓపిగ్గా చదవండి. చివర్లో మీకో పని కూడా ఉంది.

ఏటా మార్చి రాగానే ఫోన్లలో ఒక కాగితం తిరుగుతుంది. "వేసవిలో ఇల్లు చల్లగా, కరెంటు ఆదాగా: పది చిట్కాలు." పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. పగలు కిటికీలు మూసి రాత్రి తెరవండి. ఇంటి చుట్టూ చెట్లు పెంచండి. టెర్రస్ మీద తోట వేయండి. గదిలో ఎవరూ లేనప్పుడు ఫ్యాన్ ఆపండి. ఏసీ 24లో పెట్టండి.

ఈ చిట్కాల్లో ఒక్కటీ తప్పు కాదు. సైన్సు ప్రకారం అన్నీ సరైనవే. వాటిని తీసుకొచ్చి మా పడమటి మండలాల్లో, మదనపల్లె చుట్టుపక్కల ఏదో ఒక ఎస్సీ కాలనీలో ఒక ఇంటి ముందు నిలబడి చదవండి.

పడమటి కిటికీకి కర్టెన్. ఆ గోడకు కిటికీయే లేదు. అది పక్కింటి గోడను ఆనుకొని ఉంది.

రాత్రి కిటికీ తెరవండి. ఉన్న ఒక్క కిటికీ మురుగు కాలువ మీదికి తెరుచుకుంటుంది. దోమలొస్తాయి. ఆడపిల్లలున్న ఇంట్లో రాత్రంతా తలుపు తీసిపెట్టి పడుకోమని చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఇంటి చుట్టూ చెట్లు. గత ప్రభుత్వం పట్టణాల్లో ఇచ్చింది ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 435 చదరపు అడుగులు. ఇల్లు 340 చదరపు అడుగులు. మిగిలిన 95 అడుగుల్లో బాత్రూము, నీళ్ల డ్రమ్ము, కట్టెల పొయ్యి, కోళ్ల గంప. వేపచెట్టును ఏ మూలన నాటమంటారు?

గదిలో ఎవరూ లేనప్పుడు ఫ్యాన్ ఆపండి. ఒకటే గది. అందులో అయిదుగురు. ఎవరూ లేని సమయం ఎప్పుడొస్తుందో రాసినాయన చెప్పలేదు.

ఏసీ 24లో పెట్టండి. ఇక దీనికి జవాబు నేను రాయనక్కర్లేదు.

అంటే ఈ కాగితం ఎవరికో రాసింది. ఇంటి చుట్టూ జాగా, నాలుగు వైపులా కిటికీలు, మేడ మీదికి మెట్లు, గదికొక ఏసీ ఉన్నవాళ్లకు. వాళ్లకు రాస్తే తప్పు లేదు. కానీ ఆ కాగితం అందరికీ రాసినట్టు తిరుగుతుంది. "కరెంటు ఆదా మన అందరి బాధ్యత" అని ముగుస్తుంది. ఆ "అందరి" అనే మాట దగ్గరే నా పేచీ.

*

మొదట ఒక చిన్న ఇంటి గురించి చెప్తాను.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో వాతావరణ శాఖ వాళ్ల కేంద్రం ఉంది. పేపర్లో "ఆరోగ్యవరంలో ఇంత ఉష్ణోగ్రత" అని మనం చదివేది అక్కడి లెక్కే. ఇలాంటి కేంద్రాల్లో థర్మామీటర్లను మామూలుగా ఒక చెక్కపెట్టెలో పెడతారు. స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. దాని కట్టుబడి చూడండి. బయటంతా తెల్ల రంగు, ఎండను తిప్పికొట్టడానికి. నాలుగు వైపులా వాలుచెక్కల గోడలు, గాలి ఆడడానికి. పైకప్పు రెండు పొరలు, మధ్యలో గాలి, పై వేడి లోపలికి దిగకుండా. నేలకు తాకకుండా కాళ్ల మీద ఎత్తుగా నిలబెడతారు. చుట్టూ గడ్డి నేల ఉండాలి, సిమెంటు ఉండకూడదు.

ఎందుకంత జాగ్రత్త? ఎండ నేరుగా తగిలితే థర్మామీటరు తప్పు చెప్తుంది కాబట్టి.

ఇల్లు చల్లగా ఉంచే సైన్సంతా ఆ పెట్టెలోనే ఉంది. తెల్ల కప్పు, గాలి దారి, రెండు పొరల పైకప్పు, చుట్టూ పచ్చదనం. ఈ నాలుగూ తెలియక మన ఇళ్లు అలా కట్టారనుకోవద్దు. బాగా తెలుసు. పాదరసం గొట్టానికి ఆ ఇల్లు కట్టించారు. మనిషికి కట్టించలేదు. పేపర్లో 39 డిగ్రీలని రాసిన రోజు ఆ 39 తెల్ల పెట్టెలోపలి నీడ లెక్క. రేకుల కింద బాలింత పడుకున్న గది లెక్క అందులో లేదు. ఆ లెక్క ఎవరూ తీయరు.

*

మదనపల్లె అంటే చల్లని ఊరని పేరు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఈ పేరు వెనక చరిత్ర ఒకసారి తిరగేద్దాం.

1860ల ప్రాంతంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ అనే దొర ఎండకు తాళలేక మన ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగ్లా కట్టుకున్నాడు. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది. దొర పేరు కొండకు నిలిచిపోయింది, మల్లమ్మ పేరు స్థలపురాణంలోకి పోయింది. ఆ కొండ మీదికి రాయీ సున్నమూ పెట్టెలూ మోసిన వీపుల పేర్లు ఏ గెజిటీర్‌లోనూ లేవు.

1915లో ఇక్కడే క్షయ రోగుల శానటోరియం వచ్చింది. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపించాడు. పొడి గాలి, చల్లని వాతావరణం రోగికి మంచిదని ఈ చోటు ఎంచుకున్నారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. గాలే మందు, వెలుతురే మందు. అందుకే ఆ కాలం శానటోరియంలన్నీ వరండాలతో, పెద్ద కిటికీలతో కట్టారు. అదే 1915లో థియొసాఫికల్ కాలేజీ మొదలైంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషు చేశాడు. చెట్ల నీడ, చదువు, చల్లగాలి. ఇదీ మదనపల్లె ఆల్బం.

ఆ ఆల్బంలో లేని ఒక ఫొటో నేను చెప్తాను. కరెంటు రాకముందు దొరల కచేరీల్లో, బంగ్లాల్లో పైకప్పుకు పెద్ద గుడ్డ పంఖా వేలాడేది. దానికి తాడు. తాడు గోడ రంధ్రంలోంచి వరండాలోకి పోయేది. అక్కడొక కూలీ ఎండలో కూర్చొని గంటల తరబడి లాగేవాడు. కొందరు కాలి బొటనవేలికి తాడు కట్టుకొని లాగేవాళ్లు. కునుకు పడితే తన్నులు. లోపల దొర చల్లగా ఉండడానికి బయట ఒకడు చెమటోడ్చేవాడు.

ఈ దేశంలో చల్లదనం మొదటి ఇంధనం మనిషి ఒళ్లు. పంఖా పోయి ఫ్యాన్ వచ్చింది, ఫ్యాన్ పోయి ఏసీ వచ్చింది. సూత్రం మారలేదు. ఏసీ చేసేది ఏంటి? గదిలో వేడిని తోడి బయట పోయడం. తాను తాగిన కరెంటు వేడిని కూడా దానికి కలిపి మరీ పోస్తుంది. సందులో ఎదురింటి మేడ మీద మూడు ఏసీ డబ్బాలు తిరిగితే ఆ వేడిగాలి ఎవరి కిటికీలోకి వస్తుందో సందులో ఉండేవాళ్లను అడగండి.

*

ఇప్పుడు లెక్కకొద్దాం. "ఎస్సీలకు ఉచిత కరెంటు ఇస్తే పొద్దస్తమానం ఫ్యాన్లు తిప్పి పాడుచేస్తారు" అనే మాట మీరూ విని ఉంటారు. టీ కొట్టు దగ్గర విన్నాను, చదువుకున్నవాళ్ల నోటా విన్నాను.

మా ఇళ్లల్లో మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్. నెలకు 27 యూనిట్లు. రెండు ఫ్యాన్లకు 54. మూడు ఎల్‌ఈడీ బల్బులు ఆరు గంటలు వెలిగితే నెలకు 5. టీవీకి 9 వేసుకుందాం. మొత్తం 70 లోపు. ఫ్రిజ్ ఉంటే ఇంకో 30.

ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలంటే 8 యూనిట్లు. నెలకు 240. అది ఒక్క పడకగదికి. అంటే ఒక పడకగది ఒక నెల నిద్రకు, మా అయిదుగురి ఇల్లు మూడు నెలల పైచిలుకు మొత్తం బతుకు సమానం.

ఇక ఎవరు ఆదా చేయాలి?

ఏసీ ఉన్నవాళ్లకు రాయాల్సిన చిట్కా ఒకటే, అది నిజంగా పనిచేస్తుంది. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. అందుకే 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. 18లో పెట్టుకొని దుప్పటి కప్పుకునేవాడు 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే మిగిలే కరెంటు మా వాడలో ఎన్ని ఫ్యాన్లు తిప్పుతుందో ఎవరి ఏసీ లెక్క వాళ్లే వేసుకోండి.

2019లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచిత పరిమితిని నెలకు 200 యూనిట్లకు పెంచారు. దాని కోసం కొట్లాడినవాళ్లకు దండం. కానీ ఉచిత కరెంటు ఇంటి వేడిని తగ్గించదు. రేకుల కింద వేడిగాలిని ఫ్యాను తిప్పి తిప్పి మళ్లీ మన మీదే పోస్తుంది. పైగా సాయంత్రం అందరూ ఇళ్లకొచ్చే వేళకు లో వోల్టేజి. రెక్కలు లెక్కపెట్టొచ్చు. కొలిమి లాంటి ఇల్లు ఇచ్చి, దానికి ఉచితంగా ఫ్యానిచ్చి, చేతులు దులుపుకుంటే దాన్ని సంక్షేమం అనడం నాకు చేతకాదు.

*

ఇల్లు కొలిమి ఎలా అయింది? ఇది అర్థం కావాలంటే పైకప్పు చరిత్ర తెలియాలి.

మా తాతల కాలంలో బోదగడ్డి కొట్టాలు. కొంచెం కలిగినవాళ్లకు మట్టిమిద్దెలు: దూలాలు, దంతెలు, పైన మందంగా మట్టి. ఆ తరవాత సిమెంటు రేకులు. ఆ తరవాత సర్కారు శ్లాబు.

బోద, మట్టి చల్లగా ఉంటాయి. గడ్డి మధ్య గాలి నిలిచి వేడిని ఆపుతుంది. మందపాటి మట్టి ఎండను లోపలికి దిగనివ్వడానికి పొద్దుగూకేదాకా టైం తీసుకుంటుంది. ఇది పుస్తకం చదివి చెప్పేది కాదు, అందులో పుట్టినవాళ్లెవరైనా చెప్తారు.

ఇది విని కొందరికి హుషారొస్తుంది. బెంగళూరు నుంచి వారాంతానికి వచ్చేవాళ్లు మా కొండల కింద తోటలు కొని మట్టి ఇళ్లు కట్టుకుంటున్నారు. మట్టి గోడలు, సున్నపు పూత, అందంగా ఉంటాయి. "మీ పెద్దల పద్ధతే గొప్పది, శ్లాబుల పిచ్చి ఎందుకు పట్టిందో మీకు" అని మాకు హితబోధ చేస్తారు.

దానికి నా జవాబు కొంచెం గట్టిగానే ఉంటుంది.

కొట్టం ఎందుకు వదిలేశామో తెలుసా? కొట్టానికి నిప్పు అంటుకుంటుంది. పొయ్యి మంటకే కాదు, పెత్తందారు కోపానికి కూడా. 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్న పాపానికి దళితులను తరిమితే, వాళ్లు ఒక గుడిసెలోకి దూరి తలుపేసుకున్నారు. ఆ గుడిసెకే నిప్పు పెట్టారు. 44 మంది కాలిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. గడ్డి కప్పు చల్లదనం గురించి మాకు పాఠం చెప్పేముందు ఈ వేడి గురించి తెలుసుకోండి.

మట్టిమిద్దె వానకు కారుతుంది, ఏటేటా మట్టి వేయాలి. వేయడానికి మట్టి ఎవరి చేనులోంచి తేవాలి? అడగడానికి ఎవరి ముందు నిలబడాలి? శ్లాబు మాకు పిచ్చి కాదు. కాలదు, కారదు, ఎవరినీ అడగనక్కర్లేదు. మా అమ్మకు శ్లాబు అంటే ఊరి పెద్ద ఇంటితో సమానమైన నెత్తి. దాన్ని వెనక్కి తీసుకుపోయే ఏ పర్యావరణమూ మాకొద్దు. వారాంతపు మట్టిల్లు కట్టుకున్నాయనకు బెంగళూరులో ఇంకో ఇల్లుంది. మాకు ఉన్నది ఒక్కటే.

కాబట్టి మా వాదన ఇది: శ్లాబు మా హక్కు. చల్లని శ్లాబు కూడా మా హక్కు. ఆత్మగౌరవం కావాలా, చల్లదనం కావాలా తేల్చుకోమని మమ్మల్ని అడగొద్దు. రెండూ ఉన్నవాళ్లు ఎదురుగానే కనపడుతున్నారు.

శ్లాబుకూ రేకుకూ తేడా కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మందు వేరువేరు. రేకు పలచన. మధ్యాహ్నం రెండు గంటలకు మంట, రాత్రి పదికల్లా చల్లారుతుంది. శ్లాబు నాలుగైదు అంగుళాల మందం. పగలంతా ఎండ తాగి సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. మా అవ్వ మాటల్లో చెప్పాలంటే, "పగులంతా మిద్ది తాగతాది, రేయంతా మన మింద కక్కతాది." అందుకే రేకులింట్లో కష్టం పగలు, శ్లాబింట్లో కష్టం రాత్రి.

రాత్రి కష్టం ఆడవాళ్లకు రెట్టింపు. మగవాడు మంచం వీధిలో వేసుకుంటాడు, రచ్చకట్ట మీద పడుకుంటాడు. ఆడపిల్ల ఎక్కడ పడుకుంటుంది? మిద్దె మీదికి మెట్లు కట్టలేదు, పిట్టగోడ కట్టలేదు. అంచనాల్లో ఆ ఖర్చు లేదు. పొద్దున టమాటా కోతకు పోయి, ఆ ఎండకు వాడి వచ్చి, సాయంత్రం అదే గదిలో పొయ్యి ముందు కూర్చొని, రాత్రి అదే శ్లాబు కింద పడుకుంటుంది. నిద్రలేని ఒళ్లు మర్నాడు మళ్లీ ఎండలోకి పోతుంది. వడదెబ్బ మధ్యాహ్నం ఒక్కసారిగా తగిలేది అనుకుంటాం. చాలామందికి అది రాత్రే మొదలవుతుంది. పగటి వేడి నుంచి ఒళ్లు తేరుకోవడానికి రాత్రి చల్లదనం కావాలి. 2015 మేలో ఆంధ్రాలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చచ్చిపోయారని సర్కారు లెక్కే చెప్పింది. వాళ్లెవరు? ఏసీ గదుల్లోంచి ఎంతమంది పోయారు?

*

ప్రభుత్వానికి చేతకాదని మాత్రం అనొద్దు. చేతనవుతుంది. రుజువు మన మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంలోనే ఉంది.

మనది పట్టు సీమ. పట్టుపురుగుకు 24 నుంచి 28 డిగ్రీల వేడి ఉండాలి, గాలిలో తగినంత తేమ ఉండాలి. దాటితే పురుగు మేత మానేస్తుంది, జబ్బు పడుతుంది, గూడు పలచబడుతుంది. అందుకే పట్టు పరిశ్రమ శాఖ రైతుకు షెడ్డు ఎలా కట్టాలో చెప్తుంది. ఎత్తు ఇంత ఉండాలి, గాలి ఎదురెదురుగా ఆడాలి, చుట్టూ వరండా ఉంటే మంచిది, చుట్టూ చెట్లు పెట్టు, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టు. ఆ షెడ్డుకు సబ్సిడీ కూడా ఉంది.

నేను పట్టురైతుకు వ్యతిరేకిని కాను, ఆ సబ్సిడీ ఉండాల్సిందే. నా ప్రశ్న ఒకటే. పురుగు గదికి డిగ్రీల లెక్క ఉన్నప్పుడు, ఆ షెడ్డులో ఆకు వేసి, చెత్త ఎత్తే మనిషి గదికి లెక్క ఎందుకు లేదు? పురుగు చస్తే పట్టు పోతుంది కాబట్టి దానికి నిబంధన ఉంది. కూలీ చస్తే ఎవరిదేం పోతుంది అనుకోబట్టే కదా ఇది?

*

పాలసీలు కూడా ఒకసారి చూద్దాం.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, తెల్ల టైల్స్ వేయించాలి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడాలి అన్నది లక్ష్యం. మంచి ఆలోచన, మన రాష్ట్రానికీ కావాలి. కానీ అందులో ఒక గీత ఉంది. 600 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్లకు తప్పనిసరి. ఆ లోపు ఉన్నవాటికి ఐచ్ఛికం. అంటే మీ ఇష్టం.

పేదవాడి మీద తప్పనిసరి భారం పెట్టకపోవడం న్యాయమే. కానీ భారం తీసేసి సాయం కూడా తీసేస్తే మిగిలేది ఏంటి? పెద్ద ఇంటి కప్పు చట్టం ప్రకారం చల్లబడుతుంది, చిన్న ఇంటి కప్పు ఇష్టం ప్రకారం మండుతుంది. చిన్న ఇళ్లకు తప్పనిసరి చేయాల్సింది ఇంటాయన మీద కాదు, సర్కారు మీద. 600 గజాల లోపు, అందులోనూ సర్కారు కట్టించిన ప్రతి ఇంటికీ తెల్ల పూత సర్కారే వేయించాలి.

కుప్పం సంగతి. 2025 జనవరిలో ముఖ్యమంత్రి కుప్పం మండలం నడిమూరులో ఇంటింటికీ సోలార్ పథకం మొదలుపెట్టారు. ఇంటికి 2 కిలోవాట్ల పలకలు. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఇది ఉచితంగా ఇస్తామన్నారు. నేను దీన్ని ఎగతాళి చేయను. రెండు కిలోవాట్లు నెలకు 200 యూనిట్లకు పైగా పుట్టించగలవు. ఇంకో లాభం ఎవరూ చెప్పడం లేదు: పలక కింద కప్పు నీడలో ఉంటుంది. ఎండ పలక మీద పడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. థర్మామీటరు పెట్టెకున్న రెండు పొరల పైకప్పు మనకూ వచ్చినట్టే.

కానీ 2 కిలోవాట్లకు దాదాపు 200 చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి. సిమెంటు రేకుల మీద మామూలుగా బిగించలేరు. పేరు మీద ఇల్లుండాలి, మీటరుండాలి. మరి రేకులింట్లో ఉన్నవాళ్లు, పట్టా లేనివాళ్లు, అద్దెకున్నవాళ్లు? అందరికంటే ఎక్కువ మండేవాడు అందరికంటే చివర నిలబడ్డాడు. అలాంటి వాడల్లో ఊరికి ఉమ్మడిగా, బడి మీదో కమ్యూనిటీ హాలు మీదో, లేదంటే పోరంబోకు జాగాలోనో పలకలు పెట్టి ఆ యూనిట్లు ఆ ఇళ్ల మీటర్లకు జమ చేయాలి. ఆ పని ముందు జరగాలి. శ్లాబులున్నవాళ్ల ఫొటోలు తరవాత దిగొచ్చు.

డబ్బు లేదంటారా? 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. పోరాడితే వచ్చింది. ఆ నిధులు మా జనాభా లెక్క ప్రకారం మాకోసమే ఖర్చు కావాలి. ఒక వాడకు తెల్ల పూత, నీడ చెట్లు, నీళ్లు, మంచి ట్రాన్స్‌ఫార్మర్ కంటే ఆ నిధికి సరైన ఖర్చు ఏముంది?

*

సర్కారు కదిలేదాకా చేతులు ముడుచుకొని కూర్చోమని నేను చెప్పను. ఈ ఎండాకాలంలోనే చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. ఇవి మన ఇళ్లను చూసి రాసినవి.

శ్లాబుకు సున్నం. పాతబడి నల్లబడ్డ సిమెంటు పైన పడిన ఎండలో ఎక్కువ భాగం మింగేస్తుంది. తెల్లని సున్నం ఎక్కువ భాగం తిప్పికొడుతుంది. రాతిసున్నం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం బంక కలిపి, ముందు శ్లాబు ఊడ్చి కడిగి, రెండు మూడు పూతలు. సున్నం ఉడికేటప్పుడు దగ్గర పిల్లలు ఉండకూడదు, కళ్లు జాగ్రత్త. వానలకు పోతుంది, వచ్చే మార్చిలో మళ్లీ వేయాలి. ఒక్కో ఇల్లు కాకుండా వీధి మొత్తం ఒక ఆదివారం వేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పనీ పండగవుతుంది.

రేకులిళ్లకు. రేకు పైన కూడా తెల్ల పూత పనిచేస్తుంది. కానీ పాత సిమెంటు రేకును గీకొద్దు, రంధ్రాలు కొట్టొద్దు, విరగ్గొట్టొద్దు. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి, మన నెత్తి మీద ఇంకా ఉంది. రేకుకు జానెడు కింద వెదురు తడికో, ఈతచాపో కట్టి మధ్యలో గాలి పోయేలా వదిలితే మధ్యాహ్నపు మంట తగ్గుతుంది. నీళ్లుంటే రేకు మీదికి సొర, చిక్కుడు తీగ ఎక్కించండి. నీడా, కూరా.

కిటికీకి తడి గోనెపట్టా. మనది పొడి గాలి, అందుకే తడి పట్టా మన దగ్గర బాగా పనిచేస్తుంది. పట్టుపురుగుకు చేసేదే మన పిల్లలకూ చేద్దాం.

ఫ్యాను మార్చేటప్పుడు. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తాగుతుంది. పన్నెండు గంటలకు నెలకు 11 యూనిట్లు. పాతదానికి 27. ధర వెయ్యి రూపాయల పైన ఎక్కువ, కాబట్టి మన జేబు నుంచి కొనమని నేను చెప్పను. గృహనిర్మాణ శాఖ ఇంటితో పాటు ఇవ్వాలని అడుగుదాం. వోల్టేజి కొంచెం పడినా ఇది బాగానే తిరుగుతుంది.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు. ఎదురెదురుగా రెండు కిటికీలు, కప్పుకు దగ్గరగా వేడిగాలి పోయే రంధ్రాలు. శ్లాబు పోసేటప్పుడు మధ్య మధ్య పాత పెంకులు పెట్టే పద్ధతి ఉంది. లారీ బేకర్ కేరళలో వందల ఇళ్లు అలా కట్టాడు. కాంక్రీటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. అది శ్లాబే, కాలదు, కారదు.

*

ఇప్పుడు విద్యార్థులకు నేను చెప్తానన్న పని.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక గోడ థర్మామీటరు కొనండి. నలుగురు కలిసి వేసుకుంటే టీ ఖర్చు. మీ హాస్టల్ గదిలో, మీ వాడలో ఒక రేకులింట్లో, ఒక శ్లాబింట్లో, వీలైతే సున్నం వేసిన ఒక ఇంట్లో పెట్టండి. మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి చూసి నోట్‌బుక్‌లో రాయండి. పదిహేను రోజులు. పక్కనే ఆ రోజు ఆరోగ్యవరం లెక్క కూడా రాయండి. ఇంట్లో ఎంతమంది పడుకుంటారు, కిటికీలెన్ని, ఎన్ని గంటలు కరెంటు లేదు, అన్నీ రాయండి.

మన దగ్గర బాధ ఉంది, కోపం ఉంది. లెక్క లేదు. అర్జీ పట్టుకుపోతే ఆఫీసులో "అందరికీ ఎండే కదయ్యా" అంటారు. ఆ మాటకు మీ నోట్‌బుక్కే జవాబు. అందరికీ ఒకటే సూర్యుడు. కింద ఉన్న కప్పులే వేరు. ఎంత వేరో డిగ్రీల్లో చూపిద్దాం.

ఆ లెక్కతో అడగాల్సినవి ఇవి. సర్కారు కట్టించిన ప్రతి ఇంటికీ, ప్రతి సంక్షేమ హాస్టల్‌కీ ఏటా మార్చిలోపు తెల్ల పూత. మిద్దె మీదికి మెట్లు, పిట్టగోడ ఇంటి అంచనాలోనే. వాడ చుట్టూ పోరంబోకులో వేప, కానుగ నాటే పని ఉపాధి పనుల్లో మొదట మన వాడకే. సోలార్‌లో రేకులిళ్లకు ఉమ్మడి వాటా. పురుగు గదికి ఉన్నట్టే మనిషి గదికీ ఒక డిగ్రీల నిబంధన, ఇల్లు కట్టే చట్టంలోనే.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టాడు. దప్పిక తీర్చుకోవడానికే అంతదూరం నడిచారా వాళ్లు? ఊరందరిదీ అయినది మాది కూడా అని చెప్పడానికి నడిచారు. అప్పుడు నీళ్లు. ఇప్పుడు నీడ. చల్లని రాత్రి, నిండు నిద్ర కూడా ఊరందరి ఆస్తే. మేం ఎవరి ఏసీ లాక్కోవడం లేదు. థర్మామీటరుకు కట్టిన పాటి ఇల్లు మనిషికి కట్టమంటున్నాం.

వచ్చే భాగంలో ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి: ఊరికి వోల్టేజి ఎంత, వాడకు ఎంత. మీ వాడ లెక్కలు నాకు పంపండి.

జై భీమ్.